బావ జబ్బ మీద అనుమానాలు

మా బావ అంగీ విప్పనన్నప్పుడు నాకు మొదటి అనుమానం వచ్చింది.

ఎండాకాలం మధ్యాహ్నం అక్కా బావా దేవరకొండ దిక్కు నుంచి బస్సులో వచ్చి నల్లగొండలో మా ఇంట్లో దిగారు. మామూలుగా ఆయన గడప దాటగానే అంగీ విప్పి కుర్చీకి తగిలించి, ఫ్యాను కింద చాప పరుచుకునే మనిషి. ఆ రోజు అంగీ చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉన్నా, గొంతు దాకా గుండీలు పెట్టుకుని, గోడకు ఆనకుండా కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు, అది తనది కాదన్నట్టు. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు.

“అంగీ ఇప్పు బావా. ఉడుకుతలేదా?”

“గాలి మంచిగనే వస్తాంది బామ్మర్ది.”

“ఇప్పడు,” అంది అక్క. “ఉగాది సంది గిదే వరస. జబ్బ నొస్తాందంటడు, చెయ్యి లేస్తలేదంటడు. అంగీ నేను తొడుగుతా అంటె ముట్టనియ్యడు. చెయ్యి లేవనోడు అంగీ ఎట్ల తొడుక్కుంటాండు తమ్మీ? నువ్వు పేపరోనివి గదా, జర అడుగు.”

బావ చాయ్ మీద ఊదుకుంటూ ఉండిపోయాడు.

అక్క అనుమానానికి ఆధారం లేకపోలేదు. వాళ్లది మేకల బతుకు. దేవరకొండ చుట్టుపక్కల ఎండలు ముదిరాక నేల మీద గడ్డిపోచ ఉండదు. అప్పుడు మేకలు బతికేది చెట్టు మీది ఆకుతోనే. పొద్దున లేచిన దగ్గర్నుంచి దోటి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి తుమ్మ మండలు, వేప మండలు, జమ్మి మండలు కొట్టి కింద పడెయ్యాలి. దోటి అంటే చివర కొడవలి కట్టిన గడకర్ర. మెడ వెనక్కి వంచి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి గుంజాలి. బావ పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న పని అది. ఆయన జబ్బ పడిపోయాక ఆ పని అక్క మీద పడింది. అన్ని నెలలుండగా ఈ నొప్పి సరిగ్గా మండ కొట్టే నెలల్లోనే ఎందుకొచ్చిందని ఆమె ప్రశ్న.

“వానలు పడేదాక చూస్త,” అంది అక్క, నాతో అన్నట్టే గాని బావకు వినపడేలా. “అప్పటికి ఈయన చెయ్యి లేవకపోతె మేకలు అమ్ముడే. భాయికి గూడ చెప్పిపెట్టిన.”

భాయి అంటే దేవరకొండ నుంచి ఊళ్ల మీద తిరిగి మేకలు కొనే బేరగాడు. ఆ మాటతో బావ తల ఎత్తి మొదట అక్కను, తర్వాత నన్ను చూశాడు. మేమిద్దరం ముందే మాట్లాడుకుని ఆయనను నల్లగొండకు రప్పించామని ఆయన అనుకున్నట్టు ఆ చూపులోనే తెలిసింది. మేకలు లేని బావను నేను కూడా ఊహించలేను. పొద్దున లేచి ఎటు పోవాలో ఆయనకు చెప్పేవి అవే.

నేను చాలా ఏళ్లు దినపత్రికలో పనిచేశాను, మొదట కంట్రిబ్యూటర్‌గా, తర్వాత డెస్కులో. ఎవరు ఏం చెప్పినా, అది చెప్పడం వల్ల వాళ్లకేం కలిసొస్తుందని ముందు చూసుకోవడం ఆ ఉద్యోగం అంటించిన రోగం. నొప్పి ఉందంటే బావకు విశ్రాంతి. నొప్పి లేదంటే అక్కకు విశ్రాంతి. ఇద్దరి మాటా పూర్తిగా నమ్మడానికి నాకు మనసు రాలేదు.

అక్క తన సంచిలోంచి పెద్ద ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో స్కానింగ్ ఫిలిములు. ఊరి ఆర్‌ఎంపీ తన మోటారు సైకిలు మీద బావను హైవే మీది ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడట. అక్కడ స్కానింగ్ తీసి, జబ్బలో నరం చినిగింది, ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యం చేస్తే చెయ్యి పనికి రాదు అన్నారట.

“ఆర్‌ఎంపీ రోజూ ఫోన్ చేస్తాండు, ఎప్పుడు పోదామని,” అంది అక్క.

రోజూ ఎందుకు చేస్తున్నాడు అనుకున్నాను. మా పేపర్లో వారానికోసారి ఆరోగ్యం పేజీ వచ్చేది. కొంతకాలం దాన్ని దిద్దింది నేనే. దవాఖానల నుంచి వచ్చే వ్యాసాలు మోకాలుతో మొదలైనా, వెన్నుతో మొదలైనా, భుజంతో మొదలైనా చివరి పేరాలో ఆపరేషన్ థియేటర్లోకే దారి తీసేవి. ఆ పేరా కొట్టేస్తే మరుసటి రోజు ప్రకటనల విభాగం వాళ్లు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. అందుకే ఆ ఫిలిం కవరు నాకు తెలిసిన పేజీలాగే కనిపించింది. అయితే నా అనుమానం వైద్యం కాదు గదా. నరం నిజంగానే చినిగి ఉంటే?

మర్నాడు ముగ్గురం జిల్లా దవాఖానకు పోయాం. ఎముకల డాక్టరు గది ముందు వరుసలో కూర్చున్నంతసేపూ బావ గుండీలు తడుముకుంటూనే ఉన్నాడు. లోపలికి పిలిచాక డాక్టరు ఫిలిములు పక్కన పెట్టి మనిషిని చూశాడు. మెడ అటూ ఇటూ తిప్పించాడు. వేళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగాడు. నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు, చెమటలు ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగాడు. భుజం నొప్పికి గుండె సంగతి ఎందుకని అక్క నా వైపు చూసింది.

“భుజంల తెలిసే నొప్పి అంతా భుజంలనే పుట్టదమ్మా,” అన్నాడు డాక్టరు. “మెడ నరం నుంచి రావచ్చు, గుండె నుంచి గూడ రావచ్చు. అవి కావని తేల్చుకోవాలె గదా.”

తర్వాత బావను చెయ్యి పైకెత్తమన్నాడు. భుజం ఎత్తు కూడా రాకముందే ఆగింది. అక్క చిన్నగా దగ్గింది. అప్పుడు డాక్టరు ఆయన రెండు మోచేతులనూ పక్కటెముకలకు ఆనించి, ముంజేతులను తలుపు రెక్కల్లాగ బయటికి తెరిచాడు. ఎడమది సులువుగా తెరుచుకుంది. కుడిది కొంచెం కదిలి, లోపల ఎవరో గడియ పెట్టినట్టు నిలిచిపోయింది. బావ ముఖం నల్లబడింది.

“షుగర్ ఉన్నదా?”

“ఉన్నది సారూ. గోలి ఏసుకుంటడు, యాదికుంటె,” అంది అక్క.

“ఆయన లేపకపోవుడు వేరు, నేను లేపినా రాకపోవుడు వేరు. కావాలని చేసేటోళ్లు ఈ పరీక్షల దొరికిపోతరు. ఈయనది నిజంగనే బిగుసుకపోయింది.” కీలు చుట్టూ ఒక సంచి ఉంటుందని, అది వాచి, ముడుచుకుపోయి, చెయ్యిని పట్టేసిందని, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువని చెప్పాడు. నరం పూర్తిగా తెగితే ఆయన ఎత్తలేకపోయినా డాక్టరు ఎత్తితే చెయ్యి పైకి వచ్చేదట. ఫిలింలో కనిపించే చిన్న చినుగు, ఈ వయసులో, చేతులెత్తి పనిచేసేవాళ్లలో చాలామందికి ఉంటుందట. నొప్పి లేనివాళ్లకు కూడా.

“అంటె నాటకం కాదా సారూ?” అంది అక్క.

“కాదమ్మా.”

ఆమె ముఖంలో సంతోషం కనపడలేదు. ఇన్ని రోజులు తిట్టిన తిట్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు సర్దుకుంది. నాకైతే ఇంకో అనుమానం మిగిలే ఉంది. నొప్పి నిజమైతే మరి ఆ అంగీ సంగతేమిటి?

అది వెంటనే తేలింది. ఇప్పటికిప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు, కీలులోకి ఒక సూది ఇస్తే నొప్పి తగ్గి కసరత్తు చెయ్యడానికి వీలవుతుంది, అంగీ విప్పమన్నాడు డాక్టరు.

“అంగీ మీదికెళ్లే ఎయ్యరాదా సారూ?”

“నొప్పి నీకా, నీ అంగీకా?”

నర్సు గుండీలు విప్పింది. కుడి జబ్బ మీద, కీలు గుండ్రంగా తేలే చోట, రెండు వాతలు. కొడవలి కొన అంత వెడల్పు. ఒకటి ఎండి నల్లగా పొరకట్టింది. రెండోది చీము పట్టి తడిగా ఉంది.

అక్క దగ్గరికి వంగి చూసి, “ఎవడు పెట్టిండు?” అంది.

“మా పాలోడు. నా చెయ్యి నాకు అందదు గదా.”

మేకకు ముందటి కాలు కుంటితే మా బావ కొడవలి కాల్చి జబ్బ మీద వాత పెడతాడు. చుట్టుపక్కల తండాల నుంచి కూడా మేకలను ఆయన దగ్గరికే తోలుకొస్తారు. ఆయన చెయ్యి పడితే మేక నడుస్తుందని పేరు. తన జబ్బ పడిపోయినప్పుడు ఆయనకు తోచిన మొదటి వైద్యం అదే. మేకకు ఎక్కడ పెట్టేవాడో లెక్క చూసి, పాలివాడికి, అంటే దాయాదికి, వేలితో చూపించి, అక్కడే పెట్టించుకున్నాడు. తగ్గకపోతే రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

“నాకు చూపిస్తె అప్పుడే నమ్ముతుంటి గదా,” అంది అక్క. “ఎవడన్న నాటకానికి కాల్చుకుంటడా?”

“చూపిస్తె ఊరంత తెలుస్తది. వాత పెట్టుకున్నంక గూడ వాని చెయ్యి లేవలేదట అంటరు. రేపు నా దగ్గరికి మేకను ఎవడు తెస్తడు?”

డాక్టరు నవ్వలేదు. షుగర్ ఉన్న ఒంటి మీద ఇలాంటి పుండు ఎంత దూరం పోగలదో చెప్పాడు. చీము పట్టిన చర్మం గుండా కీలులోకి సూది దించడం కుదరదు, లోపలికి విషం ఎక్కుతుంది, ముందు పుండు మానాలి అన్నాడు. ఆ వాతలతో బావ సులువుగా అందే ఉపశమనాన్ని తనకు తానే వాయిదా వేసుకున్నాడు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటున్న నొప్పి గోలీలు కూడా ఆపమన్నాడు. షుగర్ ఉన్నవాళ్లు అవి నెలల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయట. వాటి బదులు వేరే తెల్ల గోలి రాసి, అది కూడా అవసరమైతేనే అన్నాడు.

పక్క గదిలో ఫిజియోథెరపీ. అక్కడ ఒక అమ్మాయి బావను బల్ల దగ్గర వంచి, ఎడమ చెయ్యి ఆనించమని, కుడి చెయ్యిని బాయిలో బొక్కెన వేలాడినట్టు వదిలేసి మెల్లగా ఊపమంది. గోడ మీద వేళ్లతో నడుచుకుంటూ పైకి పొమ్మంది. తర్వాత ఆయనను పడుకోబెట్టి, రెండు చేతుల్లో ఒక కట్టె పెట్టి, బాగున్న చేత్తో బాగులేని చెయ్యిని నెట్టమంది.

“నా బతుకంత కట్టె పట్టుకునే పోయింది బిడ్డా. గిది నేర్చుకునేటందుకు నల్లగొండ దాక రావాల్నా?”

“నీ కట్టె మేకలను తోలుడుకు పెద్దయ్యా. నువ్వు చెప్పినట్టు అవి ఇంటయి. నీ చెయ్యి ఇంటలేదు గదా.”

వేడినీళ్ల గుడ్డ కాపిన తర్వాతే చెయ్యాలని, గుంజినట్టుంటే ఫర్వాలేదు గాని పొడిచినట్టుంటే ఆపాలని, ఆ పక్కకు తిరిగి పడుకోవద్దని, చేతి కింద చిన్న మెత్త దిండు పెట్టుకోవాలని చెప్పింది. ఎన్ని రోజులని బావ అడిగితే నెలలు అంది. ఏడాది దాటినా దాటొచ్చు అంది. బయటికి రాగానే బావ నా చెవి దగ్గరికి వంగాడు.

“మందు లేదు, కోత లేదు. కట్టె ఇచ్చి పంపుతాండ్రు. గిది పెద్ద దవాఖాననేనా బామ్మర్ది? నువ్వూ మీ అక్కా ఏమన్న మాట్లాడి పెట్టిండ్రా?”

ఊరికి పోయాక పుండు కడిగి రోజూ కట్టు మార్చింది ఆ ఆర్‌ఎంపీయే. చాలా శుభ్రంగా మార్చాడని తర్వాత చూసి తెలుసుకున్నాను. ఆపరేషన్‌కు ఎప్పుడు పోదామని మాత్రం కట్టు కడుతూ కూడా అడిగేవాడట. ఆయన మీద నా అనుమానం పోలేదు గాని, ఒక మెట్టు కిందికి దిగింది.

నేను వీలున్నప్పుడల్లా పోయి చూసి వచ్చేవాణ్ని. బావ మేకల దొడ్డి గోడ దగ్గర నిలబడి వేళ్లు నడిపించేవాడు. ఎంత పైకి పోయిందీ తెలియడానికి బొగ్గుతో గీత పెట్టుకొమ్మని ఆ అమ్మాయి చెప్పింది. గోడ మీద గీతలు మెట్లు మెట్లుగా ఎక్కుతుంటే నాకు సంతోషం వేసింది. అక్క నన్ను పక్కకు పిలిచింది.

“ఆ పై గీత చూసినవా? నా తల కంటె పైన ఉన్నది. ఈయన చెయ్యి ఇంక చెవుల దాక గూడ వస్తలేదు. కట్టెకు బొగ్గు కట్టి గీసిండు తమ్మీ.”

“నువ్వు చూసినవా?”

“చూడాల్నా? భాయి వచ్చిపోతాండు గదా. వానికి చూపెట్టేటందుకు.”

బావను అడిగాను. ఆ గీత ఎవరు గీశారో తనకు తెలియదన్నాడు. దొడ్డి పక్క నుంచి ఎవరెవరో పోతుంటారు అన్నాడు. మరుసటిసారి పోయేసరికి ఆ పై గీతను ఎవరో పేడతో అలికేశారు. దాని సంగతి నేను ఇక అడగలేదు.

పుండు మానాక సూది వేశారు. నొప్పి మెత్తబడింది, రాత్రి నిద్ర పట్టింది. కానీ షుగర్ ఒక్కసారిగా పెరిగింది. అక్క ఫోన్ చేసి, “ఏం సూది ఏసిండ్రు తమ్మీ? ఈయనను నిలువునా ముంచిండ్రు,” అంది. డాక్టరును అడిగితే ఈ సూదికి కొన్నాళ్లు అట్లాగే అవుతుందని, ముందే చెప్పామని, షుగర్ గోలీలు మానకుండా వేసి పరీక్ష చేయించుకుంటూ ఉండమని అన్నాడు. నిజంగానే చెప్పాడు. మేము ముగ్గురం అప్పుడు వాతల గురించే ఆలోచిస్తూ ఉన్నాం. కొన్నాళ్లకు షుగర్ దిగింది. చెయ్యి కూడా మెల్లమెల్లగా లేచింది. మెడ వెనక గోక్కోగలిగాడు. లుంగీ వెనక దోపుకోగలిగాడు. అంగీ అక్క ముందే తొడుక్కున్నాడు. చెయ్యి తల మీదికి మాత్రం పోలేదు.

వానలు ఆలస్యంగా, అరకొరగా పడ్డాయి. నేలలోంచి గడ్డి రాలేదు గనుక మండ కొట్టడం ఆగలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంకో ఉపాయం చెప్పి పంపింది. దోటి పొడుగు పెంచితే చేతులు భుజం కిందనే ఉంచి కొట్టొచ్చు, తల మీదికి ఎత్తే పని లేదని. బావ వెదురు గడ జోడించి కట్టాడు, నమ్మకం లేకుండానే. అంత పొడుగు గడ కొన దగ్గర ఊగుతుందని, కొమ్మ ఒకటైతే కోత ఇంకోటి పడుతుందని సణిగాడు. దాన్ని దొడ్డి గోడకు ఆనించి పెట్టాడే గాని, వాడగా ఎవరూ చూడలేదు. అక్క పాత దోటితోనే పని చేసుకుంటోంది.

నేను ఊళ్లో ఉన్న రోజే భాయి ట్రాలీ ఆటోతో వచ్చాడు. అక్కే రమ్మని ఫోన్ చేసిందట. బావకు ఆ సంగతి ఆటో దొడ్డి ముందు ఆగాకే తెలిసింది. ఆయన అక్కను వదిలి నన్ను ఒక చూపు చూశాడు. లేచి, పొడుగు దోటి తీసుకుని, వేప చెట్టు కిందికి నడిచాడు.

“అన్నా, మేకలను చూద్దాం దా,” అన్నాడు భాయి.

“చూడు. నాకు పని ఉన్నది.”

గడ ఊగింది. మొదటి దెబ్బ గాలికి పోయింది. రెండోది కొమ్మకు తగిలింది గాని తెగలేదు. బావ కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు ఛాతీ దగ్గరే ఉంచి, నడుముతో గుంజాడు. మండ విరిగి సగం ఆయన తల మీదే పడింది. ఆకు చప్పుడుకు మేకలన్నీ భాయిని తోసుకుంటూ ఆ వైపు ఉరికాయి. భాయి ఒక పోతును నడుము పట్టి ఎత్తి బరువు చూడబోయేసరికి అది కూడా చేతుల్లోంచి జారిపోయింది.

“అక్కా, నువ్వు చెయ్యి పోయిందన్నవ్.”

“అన్న. ఇప్పుడు చూస్తున్నవ్ గదా,” అంది అక్క. “మండ కొడుతాండు. ఇయ్యాల బేరం లేదు భాయీ. చాయ్ తాగి పో.”

“జర గట్టిగనే గుంజుతాండు,” అన్నాడు భాయి. ఆయన కూడా అనుమానంగానే చూస్తున్నాడు. “మళ్ల ఎండాకాలం ఫోన్ చేస్తవ్.”

“చేస్తె వద్దువు.”

ఆటో మూల తిరిగేదాకా బావ కొడుతూనే ఉన్నాడు. అది కనపడకుండా పోగానే దోటిని చెట్టుకు ఆనించి, కింద కూర్చుని, కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కంటితో నన్ను దగ్గరికి పిలిచాడు.

“బామ్మర్ది, నీ సంచిల ఆ తెల్ల గోలి ఉన్నదా?”

“నొస్తాందా?”

“నొస్తలేదు. ఊకెనే అడిగిన. మీ అక్కకు చెప్పకు.”

నేను సంచి వెతుకుతుండగానే అక్క వచ్చింది. మా ఇద్దరినీ ఒకసారి చూసింది. పొడుగు దోటి ఎత్తి బరువు చూసుకుని, చివరను ఇంకో కొమ్మకు తగిలించింది.

“కింద పట్టు,” అంది. “ఒక్కదాన్ని పడితె ఊగుతాంది.”

బావ లేచి, గడ కింది భాగాన్ని నడుము దగ్గర రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె పైన పట్టింది. ఇద్దరూ కలిసి గుంజారు.